ఇంజను ఉడికితే నష్టం ఎవరికి?

ఈ శీర్షికలో మేము ఎప్పుడూ కూలి రేట్ల గురించి, సాగు భూముల గురించి, పని దినాల గురించి రాస్తుంటాం. ఈసారి పాత పికప్ బండి రేడియేటర్ గురించి రాస్తున్నాం. ఇది మెకానిక్కుల వ్యవహారం, సంఘానికి ఏం సంబంధం అని కొందరు మిత్రులు అడగవచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. కాని 2025 మార్చి ఆఖరులో జరిగిన ఒక సంఘటన మా కళ్లు తెరిపించింది.

మంచిర్యాల దగ్గరి ఒక ఊరి నుండి పద్దెనిమిది మంది ఆడకూలీలు మిర్చి ఏరడానికి మంథని వైపు బయలుదేరారు. పొద్దుగాల ఐదు గంటలకు సద్ది కట్టుకుని బండెక్కారు. గోదావరి వంతెన దాటకముందే బండి ఒకసారి ఆగింది. డ్రైవరు తమ్ముడు డబ్బాలో నీళ్లు పోసి మళ్లీ నడిపాడు. గోదావరిఖని దాటినంక మళ్లీ ఆగింది. మళ్లీ నీళ్లు. మూడోసారి ఆగేసరికి పొద్దెక్కి ఎనిమిది దాటింది. ముందు నుంచి బుస్సున ఆవిరి లేస్తున్నది. మేస్త్రీ ఫోను మీద ఫోను. అవతల చేనుగల రైతు, "ఇంకెప్పుడొస్తరు?" అని కోపం చేస్తున్నాడు. ఆ తొందరలో డ్రైవరు చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు.

ఉడుకు నీళ్లు ఆకాశానికి ఎగజిమ్మాయి. చెయ్యి మోచేతి దాకా కాలింది, మెడ కింద బొబ్బలు లేచాయి. "అయ్యో బిడ్డా!" అని ఆడవాళ్లు మొత్తుకున్నారు. ఒకామె తాగడానికి తెచ్చుకున్న నీళ్ల సీసా తెచ్చి చేతిమీద పోసింది. ఆ సమయానికి చేసిన సరైన పని అదొక్కటే. పక్క హోటలాయన టూత్‌పేస్టు పట్టుకొచ్చాడు. దాన్ని పూయనివ్వకపోవడం మంచిదైంది.

ఆ రోజు పని పోయింది. రైతు వేరే గుంపును పిలుచుకున్నాడు. పద్దెనిమిది మందీ ఎండలో పదకొండు దాకా రోడ్డు పక్క కూర్చుని, వేరే ఆటోలకు చేతి పైసలు పెట్టుకుని ఇల్లు చేరారు. వారం చివర లెక్క చూసినప్పుడు మేస్త్రీ ఆ రోజు బండి కిరాయి కూడా వాళ్ల వాటాలోనే కోశాడు. "బండి పోయింది కదా, డీజిల్ కాలింది కదా" అన్నాడు. అప్పుడు వాళ్లు సంఘం దగ్గరికి వచ్చారు.

ఇంజను ఉడికితే నష్టం ఎవరికి అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. బండి చెడింది యజమానికి. చెయ్యి కాలింది డ్రైవరుకు. కూలి పోయింది కూలీలకు. కిరాయి కట్టింది కూడా కూలీలే!

మెకానిక్ షెడ్డులో మేము చూసింది

బండి యజమాని పెద్ద ధనికుడేమీ కాదు. మూడెకరాల పత్తి రైతు. ఫైనాన్సులో పాత బండి కొన్నాడు, ఇంకా కిస్తీలు కడుతున్నాడు. "నేనేం చేయాలె అన్నా, నీళ్లు పోసుకుంటనే ఉన్న, అదే ఉడుకుతాంది" అన్నాడు. అతనితో తగాదా పడేముందు అసలు సంగతి తెలుసుకుందామని బండిని తాడు కట్టి మంచిర్యాలకు తెచ్చాం. ఇద్దరు కూలీలు, మేము, యజమాని షెడ్డులో దినమంతా కూర్చున్నాం. మెకానిక్ భాయ్ వయసు మీద పడ్డవాడు. సింగరేణి కాంట్రాక్టు లారీలు బాగు చేసి చేయి తిరిగినవాడు. చేతులతో పని చేస్తూనే మాకు పాఠం చెప్పాడు.

ఇంజనులో డీజిల్ కాలినప్పుడు పుట్టే వేడిలో సుమారు మూడో వంతే చక్రాలు తిప్పే శక్తి అవుతుంది. ఇంకో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని నీళ్లే మోసుకుపోవాలి. మోయకపోతే ఇంజను తనను తాను కాల్చుకుంటుంది.

ఆ నీళ్ల దారి మన చెరువు కింద కాలువ లాంటిదే. వాటర్ పంపు నీళ్లను ఇంజను గోడల సందుల్లోకి నెడుతుంది. దీన్నే మెకానిక్కులు వాటర్ బాడీ అంటారు. నీళ్లు అక్కడ వేడి పట్టుకుని పై హోస్ పైపు గుండా రేడియేటర్‌లోకి పోతాయి. రేడియేటర్ అంటే సన్నని గొట్టాలు, వాటి మధ్య పలుచని రేకు రెక్కలు. వెనక ఫ్యాను గాలి లాగుతుంటే ఆ రెక్కలు వేడిని గాలికి వదులుతాయి. చల్లబడ్డ నీళ్లు కింది పైపు గుండా మళ్లీ పంపు దగ్గరికి చేరతాయి. ఈ దారిలో ఎక్కడ పూడిక పడ్డా, ఎక్కడ గండి పడ్డా ఇంజను ఉడుకుతుంది.

ఈ కాలువకు ఒక తూము ఉంది. దాని పేరు థర్మోస్టాట్. లోపల మైనం నింపిన చిన్న గుండు ఉంటుంది. నీళ్లు చల్లగా ఉన్నంతసేపు మూసుకుని ఉంటుంది. చాలా బండ్లలో 82 డిగ్రీలు, కొన్నింట్లో 88 డిగ్రీలు రాగానే మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుచుకుంటుంది. అప్పుడే నీళ్లు రేడియేటర్‌కు పోతాయి.

మూత సంగతి ఇంకా ముఖ్యం. అందరూ దాన్ని ఉత్త మూత అనుకుంటారు. అది ప్రెషర్ కుక్కర్ మీది బరువు లాంటిది. దాని స్ప్రింగు నీళ్లను ఒత్తిడిలో ఉంచుతుంది. ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు, సుమారు 120 డిగ్రీల దాకా ఆగుతాయి. మూత తిప్పగానే ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. 110 డిగ్రీల దగ్గరున్న నీళ్లు ఆ క్షణంలోనే ఆవిరై మీదికి దూకుతాయి. మన డ్రైవరు తమ్ముని చెయ్యి కాలింది ఇందుకే. అతని అజాగ్రత్త అని తిట్టడం తేలిక. కాని ఈ మాట అతనికి ఎవరు చెప్పారు? లైసెన్సు ఇచ్చిన రోజు చెప్పలేదు, జీతం మాట్లాడుకున్న రోజు చెప్పలేదు.

బండిలో ఏమేం చెడింది?

భాయ్ ఒక్కొక్కటి విప్పి బల్ల మీద పెట్టాడు.

మొదట మూత. దాని కింది రబ్బరు ఎండి చీలింది. ఒత్తిడి ఆగడం లేదు, నీళ్లు త్వరగా మరిగి బయటికి పోతున్నాయి.

రెండోది థర్మోస్టాట్. ఆ స్థలంలో అది లేనే లేదు! రెండేండ్ల కింద ఎవరో "ఎండల దేశం మనది, ఇదెందుకు?" అని పీకి పారేశారు. మన దిక్కు ఇది పెద్ద జబ్బు. తూము తీసేస్తే నీళ్లు బాగా పారుతాయని అనుకుంటారు. కాని చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కదారిని కూడా మూస్తుంది. దాన్ని తీసేస్తే కొంత ఉడుకు నీరు రేడియేటర్‌కు పోకుండా పక్కదారినే తిరిగి ఇంజనులోకి పోతుంది. ఎండాకాలం ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఇంకా ఎక్కువ ఉడుకుతుంది. చలికాలం పత్తి ఏరుడు రోజుల్లో పొద్దుగాల ఇంజను వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది.

మూడోది వాటర్ పంపు. దాని కింద చిన్న బొక్క ఉంటుంది. పంపు లోపలి సీలు చెడితే అక్కడి నుంచి చుక్క చుక్క కారుతుంది. కారిన జాడ తెల్లగా, తుప్పు రంగుగా పేరుకుని ఉంది. ఫ్యాను పట్టుకుని కదిలిస్తే బేరింగు ఊగుతున్నది. "ఇది చెప్పి చెప్పి చచ్చిపోయింది, మీరు వినలే" అన్నాడు భాయ్.

నాలుగోది హోస్ పైపులు. పై పైపు నొక్కితే పచ్చి అరటికాయలా గట్టిగా ఉంది. కింది పైపు నానిన అట్టలా మెత్తబడింది. రెండూ చెడ్డ గుర్తులే. మెత్తబడ్డ కింది పైపును పంపు లాగుతున్నప్పుడు అది లోపలికి ముడుచుకుని నీళ్ల దారి మూసేస్తుంది. బండి ఆగినప్పుడు మళ్లీ మామూలుగా కనబడుతుంది. అందుకే చాలామందికి ఈ రోగం దొరకదు.

ఐదోది రేడియేటర్. బయట చూస్తే రెక్కల మధ్య పత్తి నూగు, గడ్డి గింజలు, వాటి మీద నల్లటి బొగ్గు దుమ్ము. నూనె తడి తగిలి అంతా రొట్టెలా అంటుకుంది. శ్రీరాంపూర్, మందమర్రి దిక్కు బొగ్గు లారీల వెనక తిరిగి, సాయంత్రం పత్తి బోరాలు మోసే బండికి ఇంకేం పడుతుంది? లోపల చూస్తే గొట్టాల నిండా తెల్లటి సున్నం గడ్డ. ఇది బోరు నీళ్ల పుణ్యం. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. అన్నం కుండకు, నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లగా పట్టేది అదే. మరిగిన ప్రతిసారి నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. మళ్లీ బోరు నీళ్లు పోస్తారు, మళ్లీ ఉప్పు మిగులుతుంది. ఉడుకుతున్నదని నీళ్లు పోశారు. పోసిన నీళ్లే గొట్టాలు మూసి మళ్లీ ఉడికించాయి.

ఇంజను హెడ్ వంగలేదు, గాస్కెట్ కాలలేదు. అది అదృష్టం. ఇంకో రెండుసార్లు అలాగే నడిపి ఉంటే హెడ్ విప్పి, సాపు చేయించి, గాస్కెట్ మార్చే ఖర్చు వచ్చేది. ఆ ఖర్చుకు ఈ పేద రైతు బండినే అమ్ముకునేవాడు.

ఒక్కసారి నీళ్లు దించినప్పుడే

యజమాని మొదట మూత ఒక్కటే మార్చమన్నాడు. "మిగిలినయి వచ్చే నెల చూద్దాం" అన్నాడు. పేదవాడి లెక్క ఎప్పుడూ అంతే, నెల నెలకూ వాయిదా. భాయ్ ఒప్పుకోలేదు. అతని వాదం మాకు న్యాయంగా తోచింది. కొత్త మూత వేస్తే ఒత్తిడి సరిగ్గా నిలుస్తుంది. ఆ ఒత్తిడికి పాత పైపు పగులుతుంది. పైపు మారిస్తే పంపు సీలు కారుతుంది. ఇవన్నీ ఒకే దారిలో ఒకే వయసు భాగాలు. పైగా ఏది మార్చాలన్నా నీళ్లన్నీ దించాలి, బెల్టు విప్పాలి, మళ్లీ నింపాలి. నాలుగుసార్లు విప్పితే నాలుగుసార్లు మజూరీ. ఒక్కసారి నీళ్లు దించినప్పుడే అన్నీ చూసుకుంటే ఒక్క మజూరీతో పోతుంది.

పని జరిగిన తీరు మా కూలీ మిత్రులు, చిన్న బండ్లు నడిపే తమ్ముళ్లు తెలుసుకోవాలి కాబట్టి వివరంగా రాస్తున్నాం.

ఇంజను పూర్తిగా చల్లారినంకనే మూత తీశాడు. రేడియేటర్ అడుగు చెవి తిప్పి నీళ్లు రోడ్డు మీద పారబోయకుండా బక్కెట్లో పట్టాడు. ఇంతకుముందు ఎప్పుడో పోసిన కూలెంట్ అందులో కొంత ఉంది. ఈ కూలెంట్ విషం. చాలా రకాల్లో ఇథిలిన్ గ్లైకాల్ అనే మందు ఉంటుంది. అది తియ్యగా ఉంటుంది కనుక మేక, కుక్క, లేగదూడ ఏదైనా నాకి చచ్చిపోతుంది. పసిపిల్లలకూ ప్రమాదమే. దాన్ని ఖాళీ నీళ్ల సీసాలో, మందు సీసాలో అసలే పోసి పెట్టకూడదు.

రేడియేటర్‌ను విప్పి పక్కనున్న రేడియేటర్ల షాపుకు పంపారు. పాత రకం రాగి, ఇత్తడి రేడియేటర్ కనుక పై డబ్బా విప్పి, గొట్టాల్లో సన్నని కడ్డీ పోనిచ్చి పూడిక తీసి, మళ్లీ టాంకీ పట్టారు. ఇప్పటి బండ్లకు ఎక్కువగా అల్యూమినియం జాలి, ప్లాస్టిక్ డబ్బాలు ఉంటున్నాయి. వాటికి ఇలాంటి వైద్యం కుదరదు, మార్చుకోవడమే. బయటి రెక్కలను ఇంజను వైపు నుంచి ముందుకు మెల్లగా నీళ్లు కొట్టి కడిగారు. ముందు నుంచి గట్టిగా కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది, రెక్కలు వంగుతాయి.

ఇంజను సందులను శుభ్రమైన నీళ్లతో కడిగారు, ఎర్రటి నీళ్లు పోయి తెల్లటి నీళ్లు వచ్చే దాకా. పాత గాస్కెట్ ముక్కలు గీకి సాపు చేసి కొత్త గాస్కెట్‌తో కొత్త పంపు బిగించారు. కొత్త థర్మోస్టాట్‌ను బిగించేముందు భాయ్ పొయ్యి మీద పాత డబ్బాలో నీళ్లు పెట్టి దారంతో వేలాడదీసి మాకు చూపించాడు. చల్లటి నీళ్లలో మూసుకుని ఉంది. మరిగే నీళ్లలో తలుపు పూర్తిగా తెరుచుకుంది. చూస్తున్న ఇద్దరు ఆడకూలీల్లో ఒకామె, "గింత చిన్నదానికి గంత తెలివా!" అని నవ్వింది.

పైపులు రెండూ, క్లిప్పులు, ఫ్యాన్ బెల్టు మార్చారు. బెల్టు మధ్యలో బొటనవేలుతో నొక్కితే అర అంగుళం దిగాలి. ఎక్కువ దిగితే జారుతుంది, పంపు సరిగ్గా తిరగదు. బిగువెక్కువైతే కొత్త బేరింగును తినేస్తుంది. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు ఎప్పుడో ఊడిపోతే పక్కన పడేశారట. దాన్నీ వెతికి బిగించారు. అది లేకపోతే ఫ్యాను గాలిని రేడియేటర్ గుండా లాగదు, పక్కల నుంచి లాగుతుంది.

చివరికి కూలెంట్. "మనకు మంచు పడదు, కూలెంట్ ఎందుకు?" అని యజమాని అడిగాడు. మంచు సంగతి చలిదేశాలకు. మనకు కావలసింది వేరే రెండు గుణాలు. ఒకటి, లోపల తుప్పు పట్టనివ్వదు. రెండు, మరిగే వేడిని ఇంకొంత పైకి జరుపుతుంది. కూలెంట్ సగం, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం కలిపారు. నీళ్లు కలిపే అమ్మే రకం అయితే ఏమీ కలపకూడదు. ఒక రంగు కూలెంట్‌లో ఇంకో రంగుది పోయకూడదు. మెల్లగా నింపుతూ, ఇంజను నడిపిస్తూ, లోపలి గాలి బుడగలు పోయేదాకా ఆగారు. పై పైపు చేతికి వేడి తగిలింది. అంటే థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట. మీటరు ముల్లు మధ్యలో నిలబడింది. అరగంట నడిపినా కదలలేదు.

పాత రోజుల్లో లారీల ముందు గుడ్డ సంచిలో నీళ్లు వేలాడదీసేవారు. తాగడానికీ అవే, ఇంజనుకూ అవే. అంతకుముందు 1900ల మొదట్లో వచ్చిన కొన్ని మోటార్లకు పంపే లేదు, వేడి నీళ్లు తేలికై పైకి పోతుంటే చల్లటివి కిందికి దిగేవి. 1901లో జర్మనీలో తేనెపట్టు లాంటి రేడియేటర్‌ను మోటారుకు పెట్టినప్పటి నుంచి పెద్ద ఇంజన్లు నిలబడ్డాయి. మన జైపూర్ దగ్గర 2016లో మొదలైన సింగరేణి థర్మల్ కేంద్రం 1,200 మెగావాట్లది. దాని కూలింగ్ టవర్లు చెన్నూరు రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనిపిస్తాయి. పికప్ అయినా పవర్ ప్లాంటు అయినా నీళ్ల లెక్క తప్పితే నడవదు. పవర్ ప్లాంటుకు ఇంజనీర్లు కావలి ఉంటారు. పికప్‌కు ఎవరున్నారు?

బిల్లు ఎంతయింది?

సాయంత్రం బిల్లు చూశాం. మూత ధర ఒక కూలీ ఒక రోజు కూలి కంటే తక్కువ. థర్మోస్టాట్ ధర ఇంచుమించు ఒక రోజు కూలి. పంపు, పైపులు, బెల్టు, కూలెంట్, రేడియేటర్ పని, మజూరీ అన్నీ కలిపితే పద్దెనిమిది మంది ఆ ఒక్క రోజు పోగొట్టుకున్న కూలి కంటే కొంచెమే ఎక్కువ!

ఈ లెక్కను మిత్రులు జాగ్రత్తగా గమనించాలి. రెండేండ్లు వాయిదా వేసిన మరమ్మతు ఖర్చు దాదాపు అంతా ఒక్క పూటలో పద్దెనిమిది పేద కుటుంబాల నుంచి వసూలైంది. వాళ్లకు రసీదు లేదు, బండిలో వాటా లేదు. యజమాని చేతిలో పైసలు లేక వాయిదా వేశాడు, నిజమే. కాని ఆ వాయిదా భారం కూలీల నెత్తిన పడింది. బలమున్నవాడి నష్టం బలహీనుడి మీదికి జారడం మన ఊళ్లలో కొత్త కాదు. కరువొస్తే, ధర పడితే, పురుగు తింటే జారినట్టే రేడియేటర్ కారినా జారింది.

ఊరి చావడి దగ్గర యజమానిని, మేస్త్రీని, కూలీలను కూర్చోబెట్టాం. మాట మాట పెరిగింది. మేస్త్రీ, "బండి చెడుడు నా చేతుల ఉంటదా?" అన్నాడు. ఒక పెద్దామె లేచి, "నీ చేతుల లేదు సరే, మా చేతుల ఉన్నదా? మేము బండి ఎక్కినమా, ఇంజను ఎక్కినమా?" అని అడిగింది. దానికి జవాబు లేకపోయింది. చివరికి నాలుగు సంగతుల మీద ఒప్పందం జరిగింది. బండి దారిలో చెడిన రోజు కిరాయి కూలీల వాటాలో కోయకూడదు. కోసింది తిరిగివ్వాలి. కిరాయిలో కొంత యజమాని మరమ్మతుల కోసం వేరుగా తీసిపెట్టాలి. డ్రైవరు చేతి వైద్యం ఖర్చు యజమాని భరించాలి. రోజూ బండి కదిలేముందు డ్రైవరుతో పాటు ఒక కూలీ నిలబడి బండిని చూడాలి.

ఆ చూడటం ఐదు నిమిషాల పని. చల్లటి ఇంజను మీద కూలెంట్ డబ్బాలో గీత దాకా ఉందా? రాత్రి బండి నిలిపిన చోట నేల తడిసిందా? పైపులు ఉబ్బినాయా, మెత్తబడినాయా? బెల్టు చీలిందా? రేడియేటర్ ముందు పత్తి, గడ్డి అడ్డం పడిందా? ఈ ఐదింటికి చదువు అక్కర్లేదు. చెయ్యి, కన్ను చాలు.

దారిలో ముల్లు ఎర్ర గీత దాటితే నీడ చూసి ఆపాలి, ఇంజను బంద్ చేయాలి, మనుషులందరూ దిగాలి. పై పైపు చేతికి చల్లగా తగిలేదాకా మూత ముట్టకూడదు. అరగంట కాదు, గంట పట్టినా ఆగాలి. ఉడుకు ఇంజను మీద చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాల పాటు మామూలు చల్లటి నీళ్లు పారించాలి. పేస్టు, ఇంకు, పసుపు పూయకూడదు. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. రోజూ పొద్దున డబ్బా నింపినా సాయంత్రానికి ఖాళీ అవుతుంటే, ఇంజను ఆయిల్ పాల రంగుకు తిరిగితే, చల్లటి ఇంజను నడిపిన వెంటనే రేడియేటర్‌లో ఎడతెగని బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. అటువంటి బండిలో కూలికి పోవద్దు.

బండి చల్లబడింది, సమస్య చల్లబడలేదు

బండి బాగైంది. కాని ఇక్కడితో ఆగితే సగం సంగతే చెప్పినట్టు.

అసలు ఆ బండి మనుషులను ఎక్కించడానికి కాదు. అది సరుకుల బండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకుల బండిలో ఇలా కూలీలను కుక్కి తీసుకుపోవడం నేరం. అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. సరుకుల బండిలో ఊరకే ఎక్కిన ప్రయాణికుడు చనిపోతే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో తీర్పు చెప్పింది. అప్పటి నుంచి అనేక కేసుల్లో ఈ వాదాన్నే కంపెనీలు ముందు పెడుతున్నాయి. బండి బోల్తాపడి కూలీలు చనిపోతే పరిహారం భారం యజమాని మీద పడుతుంది. మూడెకరాల రైతు ఏమిస్తాడు? కోర్టు కాగితం చేతికొస్తుంది, పైసలు రావు. ఈ సంగతి మన కూలీల్లో నూటికి తొంభై మందికి తెలియదు.

"మరి బస్సులో పోవచ్చు కదా" అని పట్నంలో ఉన్నవాళ్లు అంటారు. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఇది మంచి పనే, మన ఆడవాళ్లు వాడుకుంటున్నారు. కాని పొద్దుగాల ఐదు గంటలకు మా ఊళ్లకు బస్సు రాదు. వచ్చినా చేను దాకా పోదు. టికెట్ లేని బస్సు ఉన్నది, ఎక్కడానికి బస్సు లేదు. కూలి పని వేళలకు, కూలీల దారుల్లో బస్సులు నడపాలని మేము డిమాండ్ చేస్తున్నాం. పత్తి ఏరుడు, మిర్చి ఏరుడు నెలల్లో ఏ ఊరి నుంచి ఎటు ఎంతమంది పోతున్నారో గ్రామ సంఘాలు లెక్క రాసి డిపో మేనేజర్లకు ఇవ్వాలి. లెక్క చేతిలో లేకుండా అడిగితే ఎవరూ వినరు.

ఎండ సంగతి కూడా ఉంది. ఆ పూట రోడ్డు పక్క కూర్చున్న పద్దెనిమిది మందిలో ఇద్దరికి కళ్లు తిరిగాయి. వాళ్ల తాగే నీళ్లు డ్రైవరు చేతికి పోశారు, కొన్ని ఇంజనుకు పోశారు. వాళ్లకు మిగలలేదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో చనిపోతే కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం అన్నది. చనిపోయినంక ఇచ్చే సాయాన్ని మేము కాదనం. కాని బతికుండగా చేను గట్టు మీద నీళ్ల కుండ, నీడకు నాలుగు కొమ్మలు, మధ్యాహ్నం పని ఆపుకునే హక్కు అంతకంటే ముందు కావాలి. ఇంజను ఉడికితే ఆపి నీడన పెడతారు. మనిషి ఉడికితే "ఇంకో సాలు ఏరి పోండి" అంటారు.

అందుకే ఇప్పుడు ఆ బండిలో రెండు డబ్బాలు పెట్టించాం. ఒకటి బండికి, ఒకటి మనుషులకు. ఒకదాన్ని ఇంకోదానికి వాడకూడదని కూలీలే నియమం పెట్టుకున్నారు. మనుషుల డబ్బా నిండే దాకా ఆ ముసలామె బండి కదలనివ్వదు.

డ్రైవరు తమ్ముని చెయ్యి మానింది, మచ్చ మిగిలింది. 2025 అక్టోబరులో పత్తి ఏరుడు మొదలైనప్పటి నుంచి మళ్లీ అదే బండి నడుపుతున్నాడు. పొద్దుగాల బానెట్ ఎత్తి ఒక కూలీ వచ్చి చూసేదాకా తాళం తిప్పడు. పక్క ఊళ్లో ఇంకో రెండు పాత పికప్‌లు ఉన్నాయి. వాటిలో థర్మోస్టాట్ ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఈ వ్యాసం చదివిన కార్యకర్తలు మొదట తమ ఊరి కూలి బండి దగ్గరికి పోయి, చల్లారిన ఇంజను మీద బానెట్ ఎత్తి చూడాలని, తరువాత కూలీలను కూర్చోబెట్టి కిరాయి లెక్క అడగాలని కోరుతున్నాం.